కొత్త గ్రాఫిక్స్ కార్డ్ వేశాక పాత గేమ్స్ క్రాష్ అవుతున్నాయా..? కార్డు మార్చేముందు ఇవి చూసుకోండి!

సంక్రాంతి సెలవులకు ఊరొచ్చిన అన్నయ్యలు, బావలు సాయంత్రమయ్యేసరికి చేసే పని ఒకటుంది. తమ్ముడు కొత్తగా అసెంబుల్ చేయించుకున్న పీసీ ముందు కూర్చుని, ‘‘ఇందులో వైస్ సిటీ ఆడదాంరా’’ అనడం. రాజమండ్రి, భీమవరం, అమలాపురం, కాకినాడ.. గోదావరి జిల్లాల్లో 2000 తర్వాత పెరిగిన కుర్రాళ్లందరికీ నెట్ సెంటర్ గుర్తే. గంట లెక్కన డబ్బులిచ్చి, పక్కన నలుగురు నిలబడి చూస్తుంటే ఆడిన ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, మోస్ట్ వాంటెడ్ ఆటలు. ఇప్పుడు చేతిలో ఆ రోజుల్లోని నెట్ సెంటర్ పీసీలన్నీ కలిపినా సరిపోనంత పవర్ ఉన్న కార్డు. డబుల్ క్లిక్ చేస్తే.. నల్ల స్క్రీన్, రెండు సెకన్లు ఆగి మళ్లీ డెస్క్‌టాప్!

అక్కడి నుంచే అసలు కంగారు మొదలవుతుంది. ముప్పై, నలభై వేలు పోసి కొన్న కార్డు పాడైందేమోనని అనుమానం. షాపుకి తీసుకెళ్తే ‘విండోస్ మళ్లీ వేద్దాం’ అంటారు. ఫార్మాట్‌లో ఇంట్లోవాళ్ల పెళ్లి ఫొటోలు, తమ్ముడి ప్రాజెక్ట్ ఫైల్స్ పోతాయి. ఆట మాత్రం అలాగే క్రాష్ అవుతుంది. ఎందుకంటే చాలా సందర్భాల్లో తప్పు కార్డుది కాదు, విండోస్ ఇన్‌స్టాలేషన్‌దీ కాదు. మరి ఎవరిది? ఎలా తెలుసుకోవాలి? చూద్దాం..

ముందు.. క్రాష్ ఏ రకమో చూడండి

‘క్రాష్ అవుతోంది’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు రోగాలున్నాయి. వీటిని విడదీస్తే సగం పని అయినట్టే.

ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే, మిగతా పీసీ మామూలుగా పనిచేస్తుంటే.. అది ఆటకీ, కొత్త సిస్టమ్‌కీ కుదరకపోవడం. కార్డుకి ఏమీ కాలేదు. ఈ కథనంలో ఎక్కువభాగం దీని గురించే.

స్క్రీన్ మొత్తం ఒక్కసారి నల్లబడి, కాసేపటికి తిరిగొచ్చి, ‘డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుంది’ అన్న అర్థంలో మెసేజ్ వస్తే.. గ్రాఫిక్స్ డ్రైవర్ తడబడింది. కార్డుకి పని అప్పగించాక విండోస్ మామూలుగా 2 సెకన్లు చూస్తుంది. అప్పటికీ జవాబు రాకపోతే డ్రైవర్‌ని బలవంతంగా రీస్టార్ట్ చేస్తుంది. ఈ 2 సెకన్లను రిజిస్ట్రీలో 10కి పెంచేయమని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. జ్వరం ఉండగా థర్మామీటర్ దాచేసినట్టు ఉంటుంది ఆ వైద్యం.

ఇక మూడోది.. పీసీయే టప్పున ఆగిపోవడం, లేదా దానంతటదే రీస్టార్ట్ కావడం. ఇది ఆట సమస్య కానే కాదు. కరెంటో, వేడో, పవర్ సప్లైయో. దీని గురించి చివర్లో.

ఒక చిన్న పరీక్ష: ఈ మధ్య వచ్చిన పెద్ద గేమ్ ఏదైనా గంటసేపు ఆడండి. అది సాఫీగా నడిచి, 2005 నాటి ఆట మాత్రమే పడిపోతుంటే కార్డుని అనుమానించే అవసరం దాదాపు లేదు.

అంత పెద్ద కార్డుకి ఇంత చిన్న ఆట బరువా?

బరువు కాదు. లెక్క తప్పడం. ఐజీఐ 2000లో వచ్చింది. వైస్ సిటీ పీసీకి 2003లో, మోస్ట్ వాంటెడ్ 2005లో వచ్చాయి. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డు మెమరీ అంటే 32, 64, మహా అయితే 256 ఎంబీ. ఒక కార్డులో 8 జీబీ, 16 జీబీ ఉంటుందని ఆ ఆట రాసినవాళ్లు కలలో కూడా అనుకోలేదు. పాత ఆటలు ఈ మెమరీని 32 బిట్ల అంకెలో రాసుకుంటాయి. ఆ అంకె 4 జీబీకి ఒక్క బైట్ ముందు ఆగిపోతుంది. దాటితే.. పాత చేతక్ స్కూటర్ మీటర్ 99999 తర్వాత సున్నాలకి తిరిగినట్టు మళ్లీ సున్నా. అంటే 8 జీబీ, 12 జీబీ, 16 జీబీ.. ఏది ఉన్నా ఆ లెక్కలో సున్నాయే వస్తుంది! కొన్ని ఆటలు అంకెలో ఒక బిట్‌ని ప్లస్, మైనస్ గుర్తుకి వాడుకుంటాయి. వాటికి 2 జీబీ దాటగానే మెమరీ మైనస్‌లో కనిపిస్తుంది. ‘మీ దగ్గర సరిపడా వీడియో మెమరీ లేదు’ అని 16 జీబీ కార్డుని పట్టుకుని పాత ఆట అనడానికి కారణం ఇదే. 2008లో వచ్చిన జీటీఏ 4 ఈ విషయంలో పేరుమోసింది. కొత్త కార్డుల్లో మెమరీని తప్పుగా చదివి సెట్టింగ్స్‌ని తాళం వేసేసేది. గేమ్ ఫోల్డర్‌లో ‘కమాండ్‌లైన్’ అనే టెక్స్ట్ ఫైల్ పెట్టి, ఎంత మెమరీ ఉందో మనమే దానికి చెప్పాల్సి వచ్చేది.

ఇంకో రకం ఇంతకంటే విచిత్రం. ఓపెన్‌జీఎల్ మీద నడిచే పాత ఆటలు మొదలవగానే కార్డుని ‘నీకు ఏమేం వచ్చు?’ అని అడుగుతాయి. కార్డు తనకు తెలిసిన ఫీచర్ల పేర్లన్నీ ఒకే లైన్‌గా ఇస్తుంది. 2001లో ఆ లైన్ చిన్నది. ఇప్పుడు వందల పేర్లు. క్వేక్ 3 ఇంజిన్ మీద తయారైన రిటర్న్ టు క్యాసిల్ వుల్ఫెన్‌స్టైన్, మెడల్ ఆఫ్ ఆనర్ అలైడ్ అసాల్ట్ లాంటి ఆటలు ఆ లైన్ రాసుకోవడానికి కొంత జాగానే కేటాయించుకున్నాయి. జవాబు ఆ జాగా దాటి పొంగిపోతుంది.. ఆట అక్కడే చచ్చిపోతుంది. అంటే కార్డుకి ఎక్కువ తెలిసినందుకు వచ్చిన క్రాష్ ఇది! ఇలాంటి వాటికి అభిమానులు తిరగరాసిన ఇంజిన్లు ఉన్నాయి. క్వేక్ 3కి ఐఓక్వేక్3, అలైడ్ అసాల్ట్‌కి ఓపెన్‌మోహా. అసలు గేమ్ ఫైల్స్ మన దగ్గర ఉంటే ఇవి ఉచితంగా నడిపిస్తాయి.

మూడోది స్పీడ్. పాత ఆటల్లో చాలావాటికి కాలం లెక్క ఫ్రేమ్స్‌తో ముడిపడి ఉంటుంది. సెకనుకు 30 ఫ్రేమ్స్ వస్తాయని రాసిన ఆటకి 500 ఇస్తే బండ్లు గాల్లోకి లేవడం, మిషన్ ఆగిపోవడం, చివరికి క్రాష్. శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆఫ్ చేసి ఈత కొట్టించి చూడండి.. సీజే ఎంత ఈదినా ముందుకు కదలడం కష్టమే.

హేవలాక్ బ్రిడ్జిని 1900లో అప్పటి రైళ్ల కోసం కట్టారు. 1997లో దాని మీద రైళ్లు ఆపేసి కొత్త ఆర్చ్ బ్రిడ్జికి మళ్లించారు. అంతమాత్రాన కొత్త రైలింజిన్ పాడైందని ఎవరూ అనలేదు కదా! ఇక్కడా అంతే.

తప్పు కార్డుది అనుకుంటే.. దొంగ విండోస్!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. దాంతో చాలామంది కొత్త కార్డు, కొత్త విండోస్ 11 ఒకేరోజు వేయించుకున్నారు. రెండూ ఒకేసారి మారితే నేరం ఎవరిదో తేలదు. కంటికి కనిపించేది, డబ్బులు పెట్టింది కార్డే కాబట్టి నింద దాని మీదే పడుతుంది.

దీనికి పక్కా ఉదాహరణ శాన్ ఆండ్రియాస్‌లో నీటి మీద దిగే విమానం.. స్కిమ్మర్. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ఈ విమానం ఆటలోంచి మాయమైపోయింది. మోడ్స్‌తో బలవంతంగా రప్పిస్తే ఎక్కినవాడిని లెక్కకందనంత ఎత్తుకి విసిరేసేది. కార్డు, డ్రైవర్, మోడ్స్.. అందరినీ అనుమానించారు. 2025లో ‘సైలెంట్’ అనే పేరుతో పాత ఆటలకి ప్యాచ్‌లు రాసే డెవలపర్ కూపీ లాగితే దొరికింది.. 20 ఏళ్ల నాటి పొరపాటు. వాహనాల వివరాలు రాసిన ఫైల్‌లో స్కిమ్మర్ లైన్‌లో చక్రాల కొలత రాయడం మర్చిపోయారు. వైస్ సిటీలో దాన్ని పడవ కింద లెక్కేశారు, పడవకి చక్రాలెందుకు? శాన్ ఆండ్రియాస్‌లో విమానం కింద మార్చారు, లైన్ పూర్తి చేయలేదు. ఆట మాత్రం, అంతకుముందు చదివిన వ్యాన్ కొలత మెమరీలో ఇంకా చెరగకుండా ఉంటే అదే వాడేసుకుంటూ వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇన్నేళ్లూ అదృష్టం కొద్దీ ఆ జాగా చెరగలేదు. 24హెచ్2లో విండోస్ లోపలి పని తీరు కాస్త మారి ఆ జాగాని వాడుకుంది. అంతే, విమానం గల్లంతు! సైలెంట్‌ప్యాచ్ కొత్త వెర్షన్ వేస్తే ఇది సరైపోతుంది. మైక్రోసాఫ్ట్ తప్పు కాదు, కార్డు తప్పు అసలే కాదు.

నిజంగా కార్డు వల్లే వచ్చే తేడా

ఒకటి మాత్రం ఉంది. 2025 జనవరి చివర్లో మొదలైన ఎన్విడియా ఆర్టీఎక్స్ 50 సిరీస్‌లో 32 బిట్ కుడా సపోర్ట్ తీసేశారు. ఫిజ్ఎక్స్ అనే ఫీచర్ వాడే పాత 32 బిట్ ఆటలకి దెబ్బ పడింది అక్కడే. బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ సిటీ, బోర్డర్‌ల్యాండ్స్ 2, మాఫియా 2, మిర్రర్స్ ఎడ్జ్ లాంటివి. పొగ, పగిలే అద్దాలు, ఎగిరే కాగితాల లెక్కంతా కార్డు బదులు ప్రాసెసర్ మీద పడి, లక్షలు పెట్టిన కార్డులో కూడా ఆట నత్తనడక నడిచేది. జనం గోల పెట్టాక 2025 డిసెంబర్‌లో వచ్చిన 591.44 డ్రైవర్‌తో ఇలాంటి కొన్ని ఆటలకి సపోర్ట్ తిరిగిచ్చారు. కాబట్టి 50 సిరీస్ కార్డున్నవాళ్లు ముందు డ్రైవర్ అప్‌డేట్ చేసుకోవాలి. అయినా తడబడితే ఆట సెట్టింగ్స్‌లో ఫిజ్ఎక్స్ ఆఫ్ చేస్తే చాలు. ఇంటెల్ ఆర్క్ కార్డుల కథ వేరు. వాటికి డైరెక్ట్‌ఎక్స్ 9 సొంతంగా రాదు, దుబాసీ సాయంతో నడుస్తుంది. వాటిలో డ్రైవర్ ఎంత కొత్తదైతే అంత మంచిది.

ఇక ‘2010 నాటి డ్రైవర్ వేస్తే పాత గేమ్ ఆడుతుంది’ అనే సలహా వింటే నవ్వి ఊరుకోండి. ఏ కార్డుకైనా అది పుట్టినప్పుడు వచ్చిన డ్రైవరే అన్నిటికంటే పాతది. అంతకుముందువి ఎక్కవు.

సీడీ ఉంది కదా అంటే..

కొత్త క్యాబినెట్లకి సీడీ డ్రైవే ఉండదు, అది వేరే సంగతి. యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చి ఒరిజినల్ సీడీ పెట్టినా కొన్ని ఆటలు కదలవు. వాటిలో కాపీ చేయకుండా పెట్టిన సేఫ్‌డిస్క్ అనే తాళం ఉంటుంది. ఆ తాళంలో భద్రతా లోపాలున్నాయని 2015లో విండోస్ 10 నుంచి దాన్ని పూర్తిగా ఆపేశారు. ఒరిజినల్ కొన్నవాడికే శిక్ష పడటం అన్యాయమే కానీ, దాన్ని మళ్లీ తెరిపించే ప్రయత్నం చేయొద్దు. స్టీమ్‌లోనో, జీఓజీలోనో అదే ఆట తాళం లేకుండా దొరుకుతుందేమో చూడండి. జీఓజీ 2024 నవంబర్‌లో పాత ఆటల్ని కొత్త పీసీల్లో ఆడేలా కాపాడతామంటూ ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. సేల్‌లో ఇవి చవగ్గానే వస్తాయి.

యూజర్ నేమ్ తెలుగులో ఉందా?

మనవాళ్లకి మాత్రమే వచ్చే చిక్కు ఇది. కొత్త పీసీ సెట్ చేసేటప్పుడు ముచ్చటపడి పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకుంటే, విండోస్ ఆ పేరుతోనే ఫోల్డర్ తయారుచేయొచ్చు. పాత ఆటలు సేవ్ ఫైల్స్‌ని ఆ ఫోల్డర్‌లోనే రాయాలని చూస్తాయి. అయితే యూనికోడ్ రాకముందు వాడిన అక్షర పట్టికలు విండోస్‌లో తమిళం, హిందీ, తెలుగులకి అసలు లేవు. దాంతో పాత ఆటకి ఆ పేరు వరుసగా ప్రశ్నార్థకాల్లా కనిపిస్తుంది. అలాంటి ఫోల్డర్ ఉండదు కదా.. లోడింగ్ స్క్రీన్ దాటకముందే క్రాష్, లేదంటే ఆడిందంతా సేవ్ కాకుండా పోవడం. పేరు తర్వాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లిష్ అక్షరాలతో ఇంకో లోకల్ అకౌంట్ చేసుకుని అందులో ఆడటమే సులువు.

ఇంతకీ ఏం చేయాలి?

మొదట సాక్ష్యం చూడాలి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చేసి తెరవండి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ నొక్కితే, క్రాష్ అయిన టైమ్‌కి ఎర్ర గుర్తుతో ‘అప్లికేషన్ ఎర్రర్’ ఉంటుంది. అందులో ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అనే లైన్ ముఖ్యం. అక్కడ ఎన్‌వీ అక్షరాలతో మొదలయ్యే పేరుంటే ఎన్విడియా డ్రైవర్ దగ్గర, ఏటీఐ అని మొదలైతే ఏఎండీ డ్రైవర్ దగ్గర ఆట పడిపోయిందని అర్థం. ఆట సొంత పేరే ఉంటే లోపం ఆటలోనే. ఆ లైన్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో ‘క్రాష్ అవుతోందండీ’ అనడానికీ, ఈ ఫొటో చూపించడానికీ చాలా తేడా ఉంటుంది.

తర్వాత ఫ్రేమ్స్‌కి కళ్లెం వేయాలి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్, ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో ఆ ఆటని ఎంచుకుని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టండి. జీటీఏ పాత ఆటలకైతే లోపలి ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లోనే ఉంచాలి. అనుభవంలో ఎక్కువమందికి పని చేసేది, అతి తక్కువమంది చేసి చూసేదీ ఇదే.

ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ లేదా డీ డ్రైవ్‌లో నేరుగా ‘గేమ్స్’ అనే ఫోల్డర్‌లో వేయండి. ఏదో డీఎల్‌ఎల్ ఫైల్ లేదని, అందులో డీ3డీఎక్స్9 అని కనిపిస్తే మైక్రోసాఫ్ట్ సైట్‌లో 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ దొరుకుతుంది. విండోస్ 11లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఇది విడిగా వేయాల్సిందే. ఇంకా పాతవాటికి విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపొనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లే ఆన్ చేయాలి.

బీటెక్ కుర్రాళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది ల్యాప్‌టాప్. అందులో రెండు గ్రాఫిక్స్ ఉంటాయి.. ప్రాసెసర్‌లోదొకటి, అసలు కార్డొకటి. పాత ఆటని చూసి విండోస్ ‘ఇది చిన్నదే కదా’ అని మొదటిదానికి అప్పగించేస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ ఆటకి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి.

వీటన్నిటికీ లొంగకపోతే.. దుబాసీలు! డీజీవూడూ2 అనేది డైరెక్ట్‌ఎక్స్ 1 నుంచి 9 వరకు, పాత గ్లైడ్ ఆటల్ని కూడా డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12 భాషలోకి మారుస్తుంది. ఐజీఐ కాలం ఆటలకి ముందు దీన్నే చూడాలి. పైగా ‘నీ దగ్గర ఇంత మెమరీయే ఉంది’ అని ఆటకి చిన్న అంకె చెప్పగలదు. పైన చెప్పిన స్కూటర్ మీటర్ గొడవ దాంతో తీరిపోతుంది. డీఎక్స్‌వీకే అనేది డైరెక్ట్‌ఎక్స్ 9, 10, 11 ఆటల్ని వల్కన్‌లోకి మారుస్తుంది. 2024లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి డైరెక్ట్‌ఎక్స్ 8 కూడా వచ్చింది. జీటీఏ 4కి ఇదే మందు. వాడటం తేలికే. జిప్ ఫైల్‌లో 32 బిట్ ఫోల్డర్‌లో ఉన్న డీఎల్‌ఎల్‌ని, ఆట ఈఎక్స్‌ఈ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో వేయాలి. పీసీ 64 బిట్ కదా అని ఆ ఫోల్డర్‌లోది వేస్తే పని చేయదు. ఆట 32 బిట్‌ది. నచ్చకపోతే ఆ ఫైల్ తీసేస్తే చాలు, అంతా మొదటికొస్తుంది. సిస్టమ్32లో మాత్రం చేయి పెట్టొద్దు. ఆన్‌లైన్‌లో ఆడే ఆటలకి కూడా ఇవి వాడొద్దు. చీటింగ్ అనుకుని అకౌంట్ బ్యాన్ చేసే ప్రమాదం ఉంది.

ఎక్కడ మోసపోతారంటే..

‘గేమ్ క్రాష్ ఫిక్స్’ అని వెతికితే వచ్చే సైట్లలో, వీడియోల కింద లింకుల్లో డీఎల్‌ఎల్ ఫైల్స్ విడిగా ఇస్తుంటారు. యాంటీవైరస్ ఆపేసి వేయమంటారు. ఆ మాట అన్నారంటే అక్కడే ఆగిపోవాలి. అదే పీసీలో నాన్నగారి నెట్ బ్యాంకింగ్, అక్క ఆఫీస్ మెయిల్ ఉంటాయి. పైన చెప్పిన డీఎక్స్‌వీకే, సైలెంట్‌ప్యాచ్ లాంటివి గిట్‌హబ్‌లో తయారుచేసినవాళ్ల పేజీలోనే ఉచితంగా దొరుకుతాయి. డబ్బులడిగినా, వేరే ఇన్‌స్టాలర్ ఇచ్చినా అది అసలుది కాదు. కార్డు బయాస్ ఫ్లాష్ చేయమనే సలహా కూడా వినొద్దు. ఆట కోసం వారంటీ పోగొట్టుకున్నట్టవుతుంది.

పీసీయే ఆగిపోతుంటే మాత్రం..

ఇది గోదావరి జిల్లాల్లో విడిగా చెప్పుకోవాల్సిన సంగతి. చిన్న ఆట కార్డుని ఎక్కువ వేడెక్కించదు అనుకుంటారు. కానీ కళ్లెం లేని ఆట మెనూ స్క్రీన్ దగ్గర సెకనుకి వేల ఫ్రేమ్స్ గీస్తూ కార్డుని నూటికి నూరు శాతం పరిగెత్తిస్తుంది. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 మెనూలో సరిగ్గా ఇదే జరిగి కార్డులు వేడెక్కితే, ఫ్రేమ్స్‌కి పరిమితి పెట్టుకోమని ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీయే చెప్పింది. రోహిణీ కార్తెలో రాజమండ్రి ఎండకి గది 40 డిగ్రీల దగ్గరుంటే, ఫ్యాన్ల నిండా దుమ్ము, గాలిలో తేమ.. కార్డు తట్టుకోలేక ఆగడంలో వింతేముంది! కోనసీమ, నరసాపురం వైపు సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కార్డు కాళ్లు, పవర్ పిన్నులు చిలుము పట్టే అవకాశం ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి తుడిపించడం మంచిది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే పీసీ ఆగిపోతుంటే కార్డు వైపు చూడకండి. ఇప్పటి మంచి పవర్ సప్లైలు కొన్ని స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్‌తో సరిగా పొసగవు. సైన్‌వేవ్ ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ కావాలి. పాత పవర్ సప్లై అలాగే ఉంచి కొత్త కార్డు వేసుకున్నవాళ్లు, కార్డు డబ్బా మీద ఎన్ని వాట్ల సప్లై కావాలని రాసుందో ఒకసారి చదవాలి. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనిపిస్తే పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే అర్థం. అది కారణం కాదు, ఆగిపోయిందన్న రికార్డు మాత్రమే. షాపులో దాన్ని చూపించి మదర్‌బోర్డు మార్చాలంటే, ముందు ఇంకో పవర్ సప్లై పెట్టి చూడమని అడగండి.